బదులు పలికే ఫోను, పలకని ఫోను

మన ఇళ్లలో పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. అన్నం తిన్నావా అంటే తిన్నా అంటారు. పక్కింటి నుంచి గిన్నె తెమ్మంటే తెస్తారు. కానీ బడిలో ఏం జరిగిందో వరసగా నాలుగు మాటలు చెప్పమంటే మూడో మాటకల్లా హిందీలోకి జారిపోతారు. అదే రాయమంటే పెన్సిలు ఆగిపోతుంది. మహారాష్ట్రలో తెలుగు బడులు నడుపుతున్న ఉపాధ్యాయులనూ, అక్కడికి పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులనూ కదిపి చూడండి, దీనికి చెప్పే కారణం ఒకటే. ఫోను పాడు చేసింది అంటారు. మనమూ అంటాం. అని, ఆ మాటనే ఫోనులో పెట్టి పది గ్రూపులకు పంపుతాం.

ఫోను పాడు చేసిందన్నది సగం నిజం. ఆ సగం ఏదో తేల్చుకోకపోతే మనం చేయగలిగిందేమీ ఉండదు. ఫోను లాక్కుంటే పిల్లవాడు ఏడుస్తాడు, ఇస్తే ఊరుకుంటాడు. రోజూ ఈ రెండింటి మధ్యే ఊగుతూ ఉంటాం.

మేము ఉండేది చంద్రపూర్ జిల్లా కోఠారిలో. బల్లార్‌పూర్ నుంచి గోండ్‌పిపరి వెళ్లే దారిలో ఉన్న ఊరు. ఈ వైపు తెలుగు నిన్నగాక మొన్న వచ్చిన చుట్టం కాదు. పక్కనున్న రాజూరా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. గనుల పనికీ, బల్లార్‌పూర్ కాగితం మిల్లు పనికీ వచ్చిన కుటుంబాలు కొన్నయితే, రాష్ట్రాల గీతలు మారకముందు నుంచే ఇక్కడ ఉన్నవి కొన్ని. వీధిలోకి వెళ్తే మరాఠీ, సంతలో హిందీ, అడవి వైపు పోతే గోండి. తెలుగు వినిపించేది గడప లోపలే. ఇన్ని తరాలు దాన్ని నిలబెట్టింది ప్రభుత్వం కాదు, నిజం చెప్పాలంటే బడి కూడా కాదు. నాయనమ్మ, పెళ్లిళ్లు, కాజీపేట వైపు నుంచి రైలెక్కి వచ్చే మేనమామలు. అంటే మాట్లాడితే తిరిగి మాట్లాడే మనుషులు.

గడప లోపలున్న ఈ ఒక్క చోటులోకే ఇప్పుడు ఫోను వచ్చి కూర్చుంది. హైదరాబాదులో పిల్లవాడు ఇంట్లో ఫోను చూసినా, బయటికి వస్తే బస్సు మీద, దుకాణం బోర్డు మీద, తోటి పిల్లల నోట తెలుగు ఉంటుంది. మన పిల్లవాడికి బయట అది లేదు. ఇంట్లో పోతే మొత్తం పోయినట్టే. ఫోను గురించి హైదరాబాదు పత్రికల్లో వచ్చే సలహాలు మనకు అట్లాగే అతకకపోవడానికి ఇదే కారణం.

పసిపిల్లలకు తెలుగు పాటల వీడియోలు పెడుతున్నాం కదా, తెలుగే కదా వింటున్నారు అని చాలామంది తల్లులు అంటారు. న్యాయమైన మాటే. దీనికి జవాబు అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో దొరికింది. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త తన బృందంతో ఒక ప్రయోగం చేశారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో పుట్టిన 9 నెలల పిల్లలకు చైనా భాష వినిపించారు. కొందరి ముందు చైనా భాష మాట్లాడే మనిషి కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకం చదువుతూ ఆడించారు. ఒక్కోసారి 25 నిమిషాల చొప్పున మొత్తం 12 సార్లు. ఇంకొందరికి అవే మాటలు వీడియోలో చూపించారు, మరికొందరికి ధ్వని మాత్రమే వినిపించారు. మనిషి దగ్గర కూర్చున్న పిల్లలు చైనా భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. వీడియో చూసిన పిల్లలు, ధ్వని విన్న పిల్లలు ఏమీ పట్టుకోలేదు. అదే భాష, అంతే సమయం. తేడా మనిషి.

వీడియోలో మనిషి కనబడితే సరిపోదా అన్నది తర్వాతి ప్రశ్న. 2014లో వెలువడిన మరో పరిశోధన దీన్ని చూసింది. రెండు, రెండున్నరేళ్ల పిల్లలకు కొత్త మాటలు మూడు రకాలుగా నేర్పారు: ఎదురుగా కూర్చుని, వీడియో కాల్‌లో, ముందే తీసిపెట్టిన వీడియోలో. ఎదురుగా నేర్చుకున్నవాళ్లు నేర్చుకున్నారు, అందులో వింత లేదు. వీడియో కాల్‌లో నేర్చుకున్నవాళ్లు కూడా నేర్చుకున్నారు. తీసిపెట్టిన వీడియో చూసినవాళ్లకు రాలేదు. అంటే అడ్డం అద్దం కాదు. కాల్‌లో మనిషి పిల్లవాడు నవ్వితే నవ్వుతుంది, తల తిప్పితే ఆగుతుంది, ఏదైనా అంటే బదులిస్తుంది. తీసిపెట్టిన వీడియో వీడు ఉన్నా, లేచిపోయినా పాడుతూనే ఉంటుంది.

మనకు కావాల్సిన సగం నిజం ఇక్కడుంది. మంచిర్యాలలో ఉన్న అమ్మమ్మతో మాట్లాడే ఫోనూ, ఏనుగు బొమ్మ గంతులేసే ఫోనూ ఒకే వస్తువు. మొదటిది తెలుగు ఇస్తుంది. రెండోది తెలుగులోనే పాడుతున్నా పెద్దగా ఇవ్వదు. పైగా అది ఎంతసేపు తెలుగులో ఉంటుందన్నది మన చేతిలో లేదు. ఒక వీడియో అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. పిల్లవాడు ఏ వీడియో దగ్గర ఎక్కువసేపు ఆగాడో లెక్కగట్టి అలాంటివే తెచ్చిపెట్టడం ఆ యంత్రం పని. పొద్దున తెలుగు పాటతో మొదలుపెట్టి తల్లి వంటింట్లోకి వెళ్తే, ఆమె తిరిగొచ్చేసరికి హిందీ కార్టూను నడుస్తూ ఉంటుంది. ఎవరూ కుట్ర చేయలేదు. హిందీలో అలాంటి వీడియోలు ఎక్కువ, వాడు రెండు చూశాడు, యంత్రం మూడోది తెచ్చింది. అంతే.

ఈ సందర్భంలో 2025లో మన రాష్ట్రంలో జరిగిన గొడవ గుర్తు చేసుకోవాలి. ఒకటో తరగతి నుంచే హిందీని మూడో భాషగా చెప్పాలని ఏప్రిల్ 16న ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మరాఠీ వాళ్లు ఊరుకోలేదు. జూన్‌లో ఉత్తర్వు మార్చారు, ఆ నెల 29న పూర్తిగా వెనక్కి తీసుకున్నారు. తరగతి గదిలో ఏ భాష ఎప్పుడు మొదలవ్వాలన్న దానిపై అంత పోరాటం జరిగింది. జరగాల్సిందే. అయితే మన పిల్లలు ఒకటో తరగతిలో అడుగుపెట్టేనాటికే హిందీ నేర్చుకుని వస్తున్నారు. ఏ ఉత్తర్వూ లేకుండా, ఏ ఉపాధ్యాయుడూ లేకుండా. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. 1956లో చేర్చారు. అది బడి దాకా వస్తుంది. మన వంటింట్లోకి, మంచం మీదికి రాదు.

ఇక పెద్దవాళ్ల ఫోను సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే మాట్లాడాల్సింది మనమే. 2017లో అమెరికాలోనే ఇంకో పరిశోధన అచ్చయింది. రెండేళ్ల పిల్లలకు తల్లులు రెండు కొత్త మాటలు నేర్పాలి. ఒక మాట నేర్పుతుండగా మధ్యలో ఫోను మోగుతుంది, తల్లి మాట్లాడి మళ్లీ నేర్పడం కొనసాగిస్తుంది. రెండు మాటలూ పిల్లల చెవిన పడింది అన్నేసిసార్లే. కానీ ఫోను అడ్డొచ్చిన మాట పిల్లలకు రాలేదు. అది ఒక్క కాల్. మన ఇళ్లలో సాయంత్రం ఎన్నిసార్లు తెగుతుందో లెక్క వేయనక్కర్లేదు. పిల్ల వచ్చి ఏదో చెబుతుంది, నాన్న తెర మీంచి కన్నెత్తకుండా ‘ఊ’ అంటాడు. ఆ ‘ఊ’ ఏ భాషా కాదు. నాలుగుసార్లు ‘ఊ’ విన్న పిల్ల ఐదోసారి చెప్పడానికి రాదు, తనూ ఒక ఫోను అడుగుతుంది.

ఇదే రాష్ట్రంలో ఒక ఊరు ఈ విషయంలో నడుం కట్టింది. సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్‌లో 2022 ఆగస్టు నుంచి సాయంత్రం 7 గంటలకు గుడి మీద సైరన్ మోగించడం మొదలుపెట్టారు. మోగితే టీవీలు, ఫోన్లు ఆపేయాలి. 8:30కి మళ్లీ మోగుతుంది, అప్పటిదాకా చదువు, మాటలు. దేశమంతా వార్త అయింది. మంచి పనే, మన ఊళ్లలోనూ చేయొచ్చు. కాకపోతే ఒక తేడా ఉంది. అక్కడ ఫోను ఆపితే ఆ గంటన్నర మరాఠీతో దానంతటదే నిండుతుంది. ఊరంతా మరాఠీ కాబట్టి. మన ఇంట్లో ఫోను ఆపితే పిల్లవాడు బయటికి పరిగెడతాడు. ఆటా మరాఠీలోనే. ఆట మంచిదే, మరాఠీ కూడా మంచిదే, ఈ నేలలో బతకాలంటే కావాలి కూడా. కానీ తెలుగు మటుకు ఫోను ఆపినంత మాత్రాన రాదు. ఆ గంటలో పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడితే వస్తుంది. సైరన్ మోగించడం తేలిక, కూర్చోవడం కష్టం.

మాట సంగతి ఇలా ఉంటే రాత సంగతి ఇంకా ఇబ్బందిగా ఉంది. మాట పోతే తెలుస్తుంది, రాత పోయినా ఇల్లు నడుస్తుంది. వెనకటికి అమ్మమ్మ దగ్గరికి కబురు పోవాలంటే కార్డు ముక్క మీద ఎవరో ఒకరు రాయాల్సి వచ్చేది. చదువుకున్న పిల్లవాడికి ఇంట్లో ఆ ఒక్క ఉద్యోగం ఉండేది. ఇప్పుడు బొత్తాం నొక్కి మాట్లాడి వదిలేస్తే చేరిపోతుంది. చదువు రాని ముసలమ్మలకు ఇంతకంటే వరం లేదు, దాన్ని తప్పుపట్టలేం. కానీ అక్షరానికి ఇంట్లో పని లేకుండా పోయింది. పని లేని అక్షరం పరీక్షకే మిగులుతుంది. దేశంలో కాగితం తయారయ్యే పేరున్న ఊళ్లలో ఒకటైన బల్లార్‌పూర్ పక్కనే ఉండి మన పిల్లలు కాగితం మీద అమ్మ పేరు తెలుగులో రాయడానికి తడుముకుంటున్నారు.

రాయాల్సి వచ్చినప్పుడు రాస్తున్నది కూడా తెలుగు అక్షరాల్లో కాదు. బడుల గ్రూపులు చూడండి. తెలుగు బడి, తెలుగు పంతులు, తెలుగు తల్లిదండ్రులు. ‘రేపు బడికి సెలవు’ అన్న మాట మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ అక్షరాలకు మన ధ్వనులు ఎత్తే బలం లేదు. పాట, పాత రెండూ ఒకేలా పడతాయి. రేపు పిల్లలు పాట పుస్తకం తేవాలా, పాత పుస్తకం తేవాలా? కల, కళ ఒకటే. కొందరు ‘త’ కోసం పక్కన హెచ్ అక్షరం చేరుస్తారు. బాగుంది, అప్పుడు ‘పాఠం’ ఎక్కడికి పోవాలి? పెద్దవాళ్లు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు, ఎందుకంటే వాళ్ల తలలో సరైన మాట ముందే ఉంది. తలలో ఇంకా మాట లేని పిల్లవాడు ఏం ఊహించుకుంటాడు?

మన వైపు ఇంకో పద్ధతీ ఉంది, తెలుగును దేవనాగరిలో రాసుకోవడం. మరాఠీ చదివినవాళ్లకు చేతికి వచ్చిన లిపి అది. ఇంగ్లీషు అక్షరాల కంటే నయమే, ట, త తేడా నిలుస్తుంది, ల, ళ నిలుస్తాయి. కానీ మరాఠీ రాతలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. మెడ, మేడ ఒకేలా అవుతాయి. కొన, కోన ఒకేలా అవుతాయి. చదివే పిల్లవాడి నోట్లో కూడా క్రమంగా ఒకేలా అవుతాయి. లిపి పోతే ధ్వని ఎలా పోతుందో చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు.

ఫోనులో తెలుగు రాయడం కష్టం అనేది ఒకప్పటి సాకు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. అయినా ఫోన్లలో సరిగ్గా కనబడటానికి చాలా ఏళ్లు పట్టింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే ఖరీదైన ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి, కంపెనీ హడావిడిగా సవరణ పంపింది. (జ్ఞానం బరువు అంతుంటుందని అప్పట్లో నవ్వుకున్నారు.) ఇప్పుడు మామూలు ఫోనులో కూడా తెలుగు కీబోర్డు ఉచితంగా దొరుకుతుంది. సెట్టింగులలోకి వెళ్లి భాష చేర్చుకోవడానికి 5 నిమిషాలు చాలు. మొదటి వారం వేళ్లు తడబడతాయి, ‘క్ష’ ఎక్కడుందో వెతకాలి, తర్వాత అలవాటవుతుంది. నోటితో చెబితే తెలుగులో రాసిపెట్టే సౌకర్యం కూడా ఉంది. పెద్దవాళ్లు వాడుకోవచ్చు. పిల్లలకు మాత్రం వద్దనే అంటాం, రాయడం నేర్చుకోవాల్సిన వయసులో రాసే పని ఇంకొకరికి అప్పగిస్తే చేతికి ఏమీ రాదు.

ఇక్కడొకరు అడగొచ్చు. ఇప్పుడు యంత్రమే తెలుగులో బదులు చెబుతోంది కదా, ప్రశ్న వేస్తే జవాబిస్తోంది కదా అని. నిజమే, ఉపాధ్యాయులకు పాఠం సిద్ధం చేసుకోవడంలో అది సాయపడుతుంది, వాడుకోవాలి. కానీ అమ్మమ్మ బదులు చెప్పడంతో ఆగదు, అడుగుతుంది. జ్వరం తగ్గిందా, జడ ఎవరు వేశారు, నువ్వు పెట్టిన మొక్క బతికిందా అని. పిల్ల ఏం చెబుతుందోనని ఎదురుచూస్తుంది. చెప్పకపోతే అలుగుతుంది. యంత్రానికి మన పిల్ల కబురుతో పని లేదు.

సాంకేతికతను బడిలోకి ఎలా తేవాలో చూపించిన మనిషి కూడా మన రాష్ట్రంలోనే ఉన్నారు. షోలాపూర్ జిల్లా పరితేవాడి జిల్లా పరిషత్ బడిలో పనిచేసిన రంజిత్‌సింహ్ డిసలే 2020లో ప్రపంచ ఉపాధ్యాయ బహుమతి పొందారు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు పెట్టి పాటలు, పాఠాలు వినిపించారని అందరూ రాశారు. అంతగా రాయనిది ఇంకొకటుంది. ఆయన ఆ బడికి వెళ్లేసరికి చాలామంది పిల్లల ఇంటి భాష కన్నడం, పుస్తకాలు ఆ భాషలో లేవు. ఆయన ముందు కన్నడం నేర్చుకున్నారు, పుస్తకాలను పిల్లల భాషలోకి మార్చారు, ఆ పైన కోడ్‌లు పెట్టారు. మనం మూడోది మాత్రం చూసి, కోడ్‌లు అతికిస్తే చాలనుకుంటున్నాం. మరాఠీ గడ్డ మీద ఇంకో భాష పిల్లల కోసం ఒక ఉపాధ్యాయుడు చేసిన పని అది. మన ఉపాధ్యాయులకు అందులో మొదటి మెట్టు ఎక్కాల్సిన శ్రమే లేదు, పిల్లల భాష వాళ్లకు పుట్టుకతోనే వచ్చింది.

తెలుగు బడుల ఉపాధ్యాయులకు మా వైపు నుంచి ఒక కోరిక. బడి గ్రూపులో ఏ సందేశమైనా తెలుగు అక్షరాల్లోనే వేయండి. సెలవు, ఫీజు, సమావేశం, ఏదైనా. చదవలేని తల్లిదండ్రులు ఉంటారు, నిజమే. వాళ్లు ఇంట్లో పిల్లవాడిని పిలిచి చదవమంటారు. కావాల్సింది అదే. రెండో తరగతి పిల్లవాడు నాన్నకు ఏదో ఒకటి చదివి చెప్పాల్సి వచ్చిన రోజున అక్షరానికి ఇంట్లో మళ్లీ పని దొరుకుతుంది. ఎన్నాళ్లకో ఫలితం కనబడుతుందని కాదు, ఆ సాయంత్రమే కనబడుతుంది. పిల్లలు చదవలేకపోతున్నారని మూడో తరగతిలో తీసి ఇంగ్లీషు బడిలో వేసే తల్లిదండ్రులు ఉన్నారు. ఒక్కో పిల్లవాడు తగ్గే కొద్దీ తెలుగు విభాగానికి ఉపాధ్యాయుల పోస్టు తగ్గుతుంది, ఆ తర్వాత విభాగమే ఉండదు. బడి మూతపడేది ఆఫీసు కాగితంతోనే కావచ్చు, దానికి ముందు ఇలాంటి చిన్న చిన్నవి ఎన్నో జరుగుతాయి.

తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకొకటి ఉంది. ఫోనుతోనే చేయగలిగింది. నాయనమ్మ, అమ్మమ్మ, తాత పంపే మాటల సందేశాలను పిల్లలతో కాగితం మీద రాయించండి. బడిలో ఉక్తలేఖనం అంటే పిల్లలకు భయం, మార్కులు పోతాయి కాబట్టి. ఇంట్లో నాయనమ్మ చెప్పింది రాయడం వేరు. సందేశాన్ని ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి వినొచ్చు. అర్థం కాకపోతే ఆమెకే ఫోను చేసి అడగొచ్చు. ఆమె మళ్లీ చెబుతుంది, పనిలో పనిగా ఇంకో కథ కూడా చెబుతుంది. వారానికి ఒకటి, అయిదారు వాక్యాలు చాలు. రాసినదాన్ని ఫొటో తీసి ఆమెకు పంపాలి. ఆమెకు చదవడం రాకపోతే ఆ ఇంట్లో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. తను అన్న మాట మనవరాలి చేతి రాతలో తిరిగి వచ్చిందని తెలిస్తే ఆ ముసలమ్మ తర్వాతి వారం సందేశం పంపకుండా ఉంటుందా?

ఇలా రాయించడం మొదలుపెడితే పుస్తకంలో లేని మాటలు చాలా వస్తాయి. నాయనమ్మ ఆనిగెపుకాయ కూర వండానంటుంది, తొక్కు పెట్టానంటుంది, మక్కలు కాల్చానంటుంది. పుస్తకంలో సొరకాయ అని ఉంటుంది, కార్టూనులో లౌకీ అని విని ఉంటుంది, పక్కింటి కాకూ దుధీ అని ఉంటుంది. నాలుగూ ఒకటేనని పిల్లకు తెలిసిన రోజున ఆమెకు భాషల సంగతి మనం చెప్పగలిగినదానికంటే ఎక్కువే తెలుస్తుంది. గురువులకు ఒక మనవి: ఆనిగెపుకాయ అని రాసినందుకు మార్కు తగ్గించకండి. పక్కన సొరకాయ అని కూడా రాయించండి.